జగ్గయ్యపేట లైటు

సాయంత్రం ఆరింటికి ప్రమీలారాణి టీచరు చిక్కుడుకాయలో బీరకాయలో ముందేసుకుని వరండాలో కూర్చుంటుంది. ఆ వేళకి ముందుగదిలో బల్బు వెలుగుతుంది. నందిగామలో ఆ వీధివాళ్లంతా దాన్ని జగ్గయ్యపేట లైటంటారు. దానికి వైరు లేదు, స్విచ్చి లేదు. జగ్గయ్యపేటలో దేవరాజ్ తన ఎర్ర గిటారు వాయిస్తున్నంతసేపూ ఇక్కడ వెలుగుతుంది, ఆపగానే ఆరిపోతుంది. మీటరు రీడింగుకి వచ్చినతను ఒకసారి తలెత్తి చూసి, "ఇది మన లైను కాదులెండి" అని బిల్లు చింపిచ్చి వెళ్లిపోయాడు.

దేవరాజ్ ఆ ఎలక్ట్రిక్ గిటారుని ఎనభై అయిదులో మద్రాసులో ఒక స్టూడియో వాయిద్యకారుడి దగ్గర కొన్నాడు. అప్పటికే అది పాతది. ఎవరిదో బెల్టు బకిల్ రాసుకుని దాని వీపున రంగు లేచిపోయి ఉంది. జగ్గయ్యపేట ఆర్కెస్ట్రాలో అతనిది గిటారు, ప్రమీలారాణిది పాట. పెళ్లిళ్లు, క్రిస్మస్ సభలు, గరికపాడు దాకా స్టేజీలు. అలా నాలుగేళ్లు. పాట లేనప్పుడల్లా ఆమె అతని ఎడమచేతినే చూస్తూ కూర్చునేది. తర్వాత ఆమెకి నందిగామలో లెక్కల టీచరుగా పోస్టింగొచ్చింది.

"వెళ్లనా?" అనడిగింది.

"గవర్నమెంటు ఉద్యోగం. వద్దనడానికి నేనెవణ్ణి?" అన్నాడు దేవరాజ్.

ఆ మాట గుచ్చుకుంది. మళ్లీ జగ్గయ్యపేటలో అడుగుపెట్టలేదు. అతని పెళ్లి కబురూ, ఆరేళ్ల కిందట అతని భార్య పోయిన కబురూ బస్సుల్లో ఎవరెవరో చెబితే తెలిసినవే. తను మాత్రం పెళ్లి ఊసెత్తలేదు.

కొత్త గిటార్లు ఎన్నొచ్చినా ఆ ఎర్రదాని మీద వాయించేవాళ్లకి మోజు తగ్గలేదు. మైలవరం నుంచీ బెజవాడ నుంచీ ఆదివారాలు దేవరాజ్ ఇంటికి వచ్చి, చెప్పులు బయట విడిచి, దాన్ని ఒళ్లో పెట్టుకునేవాళ్లు. తప్పు వాయిస్తే మొహం మీదే చెబుతుందనీ, సరిగ్గా వాయిస్తే ఆ స్వరం ఓ పట్టాన గది వదిలిపోదనీ చెప్పుకునేవాళ్లు. వెలుగుని బట్టి అక్కడ వాయిస్తున్నదెవరో ప్రమీలారాణి చెప్పగలదు. కుర్రకారైతే పచ్చగా, తొందరతొందరగా. చర్చిలో వాయించేవాళ్లయితే నిదానంగా. దేవరాజ్ అయితే తాటిబెల్లం పాకం రంగు.

ఈ వేసంగిలో బల్బు వెలగడం మానేసింది. రోజులు వారాలయ్యాయి.

"ఇవాళా లేదా టీచరుగారూ?" అంది పక్కింటి ఫక్రున్నీసా, టీ గ్లాసు అందిస్తూ. "బస్సెక్కి ఓసారి చూసి రావచ్చుగా."

"ఎవరింటికని వెళ్లను?"

"ఇన్నేళ్లు వెలుగిచ్చినోళ్లింటికి. పరాయివాళ్లా ఏంటి?"

మర్నాడు పొద్దున పదింటికి బల్బు వెలిగింది. తెల్లగా, నిలకడగా. ప్రమీలారాణి పొయ్యి కట్టేసి చాలాసేపు చూసింది. దేవరాజ్ చెయ్యి కాదు. ఎవరో కొత్త మనిషి, బాగా వచ్చినవాళ్లే. చీర మార్చుకుని బస్టాండుకి నడిచింది. చిల్లకల్లు దగ్గర బస్సు హైవే దిగగానే లేచి వెళ్లి డోరు దగ్గర నించుంది.

దేవరాజ్ ఇంటి తలుపు తీసే ఉంది. లోపల ముప్పై దాటిన ఒకమ్మాయి ఎర్ర గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా దేవరాజ్, జుట్టంతా నెరిసిపోయి.

"ప్రమీలా! రా, కూర్చో" అన్నాడు, నిన్నగాక మొన్న వెళ్లిన మనిషితో అన్నట్టు. తర్వాత ఎడమచెయ్యి చూపించాడు. "ఏప్రిల్లో చిన్న స్ట్రోకొచ్చింది. ఈ రెండు వేళ్లూ వంగట్లేదు. ఆదివారాలు వచ్చేవాళ్లని కూడా రావద్దన్నా. ఈ అమ్మాయి రూబీ, హైదరాబాదులో స్టూడియోల్లో వాయిస్తుంది. వాయించని గిటారు నేనేం చేసుకోను? ఇవాళ ఇచ్చేస్తున్నా."

"నా దగ్గర ఏడు గిటార్లున్నాయి మేడమ్" అంది రూబీ. "దేంట్లోనూ ఈ గొంతు రావట్లేదు. కాలేజీ రోజుల్లో ఇక్కడికొచ్చి విన్నా. అప్పట్నుంచీ దీన్నే వెతుక్కుంటున్నా."

ప్రమీలారాణి కుర్చీ అంచున కూర్చుంది. "అది వాయిస్తే నందిగామలో మా ఇంట్లో లైటు వెలుగుతుంది."

"ఎప్పట్నుంచి?" అన్నాడు దేవరాజ్.

"నేను వెళ్లిన వారం నుంచి."

"ముప్పై ఆరేళ్లు! ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా. అప్పుడూ అడగలేదు."

దేవరాజ్ తలొంచుకుని వంగని వేళ్లు నిమురుకున్నాడు. "వద్దనుంటే ఉండిపోయేదానివా?"

"సర్దిన పెట్టె విప్పేసేదాన్ని."

రూబీ లేచి గిటారుని దేవరాజ్ ఒళ్లో పెట్టింది. "వేళ్లు రావమ్మా" అన్నాడతను. ప్రమీలారాణి కుర్చీ అతని ఎడమపక్కకి లాక్కుని, తన ఎడమచెయ్యి తీగల మీద ఆనించింది.

"నువ్వెప్పుడూ పట్టుకోనైనా లేదుగా!"

"నాలుగేళ్లు చూశా కదా. మీరు మీటండి."

మొదటి మోత చెక్కమీద కొట్టినట్టుంది. తీగలు వేలికొసల్ని కోస్తున్నాయి. "ఇంకొంచెం గట్టిగా నొక్కండి మేడమ్" అంది రూబీ. నాలుగోసారికి స్వరం పలికింది. అయిదోసారికి, స్టేజీ ఎక్కగానే మొదట వాయించే పాట ఎత్తుకున్నారు. ఆమె చెయ్యి నొక్కుతోంది, అతని చెయ్యి మీటుతోంది. రెండు చోట్ల తడబడ్డారు, నవ్వుకున్నారు, మళ్లీ ఎత్తుకున్నారు.

ఫోను మోగింది. ఫక్రున్నీసా.

"టీచరుగారూ, వెలిగింది! ఎప్పుడూ చూడని రంగండీ. ఇద్దరు వాయిస్తున్నారా ఏంటి?"

రూబీ తను తెచ్చుకున్న గిటారు పెట్టె ఖాళీగానే మూసేసింది. "రికార్డింగుంటే నేనే ఇక్కడికి వస్తా సార్. మీరిద్దరూ దీన్ని ఎవరికీ ఇవ్వకండి" అని చెప్పి బయల్దేరింది.

ఆ ఆగస్టులో ఒక ఆదివారం జగ్గయ్యపేట చర్చిలో పూజ అయ్యాక ఫాదర్ పెళ్లి ప్రకటన చదివారు: అరవై అయిదేళ్ల దేవరాజ్‌కీ, అరవై రెండేళ్ల ప్రమీలారాణికీ. "మూడు ఆదివారాలు చదువుతాం. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పాలి" అన్నారు.

ఆడవాళ్ల వరసలోంచి ముసలి లూర్దమ్మ కర్ర ఆనించుకుని లేచింది.

"ఉంది ఫాదర్. ఇంకా మూడు వారాలు ఆగాలా?"

గుడంతా గొల్లున నవ్వింది. ఫాదర్ కూడా నవ్వాపుకోలేక, పీఠం దిగగానే, మిగతా రెండు ప్రకటనలూ లేకుండానే పెళ్లికి అనుమతివ్వమని బిషప్ గారికి ఫోను చేశారు.