ప్రథమ ఫలం బన్నులు

పన్నెండు గంటల డ్యూటీ చేసి ఇంటికొస్తే వంటగది నిండా పిండి. మా ఆయన యిర్మీయా మోచేతుల దాకా పిండి పూసుకుని బల్ల ముందు నిలబడి ఉన్నాడు. కోపం రావాలి, కానీ దానికీ ఓపిక లేదు. పైగా ఆయన ఒక పని ముందు అలా నిలబడటం చూసి ఎనిమిది నెలలైంది.

రియాద్‌లో ఆయన పనిచేసే కంపెనీ మూతపడ్డాక మంచమే ఆయన లోకమైంది. నేను ఆసుపత్రిలో నర్సుని. ఇల్లు నా జీతంతో నడుస్తోంది, ఆయన ఇక్కడ ఉండటానికి కావలసిన అనుమతి, ఇకామా కూడా, నా మీదకే మార్చుకున్నాం. ఎవరూ ఏమీ అనకపోయినా ఆయనకు గుచ్చుకుంటూనే ఉంది. శుక్రవారం సెలవు రోజున మన తెలుగువాళ్లని కూడగట్టే దయావతి అక్కయ్య ఫ్లాట్‌లో ప్రార్థనకి వెళితే, కానుకల సంచి తన దగ్గరికి రాగానే పక్కవాళ్లకి అందించేసేవాడు. నేను ఒక నోటు చేతిలో పెడితే తిరిగి నాకే ఇచ్చేసేవాడు.

"అది నీ కష్టం ఆశా. నేనెలా వేస్తాను?"

బన్నుల ఆలోచన నాదే. పెళ్లికి ముందు ఆయన పాలకొల్లులో బేకరీలో పనిచేశాడు. లోపల రొయ్యల ఇగురు కూరి మెత్తటి బన్నులు చేస్తే మనవాళ్లు ఎగబడి కొంటారని వారం రోజులు పోరాను. "సరే. ఇదీ నడవకపోతే నేను ఎగ్జిట్ వీసా మీద ఊరికి పోతాను, నువ్వుండు," అన్నాడు. అది బెదిరింపు కాదు. ఆయన బెదిరించే మనిషి కాడు, అదే నా భయం.

మొదటి వాయి ముప్పై బన్నులు అమ్ముదామని ప్రార్థనకి పట్టుకెళ్లాం. మూత తీయకముందే దయావతి అక్కయ్య అందుకుంది.

"కొత్త వ్యాపారమా తమ్ముడూ? మొదటి వాయి ప్రథమ ఫలం, అది దేవునిది. ఇక్కడ పంచెయ్యి, దీవెనొస్తాది."

కాదనడానికి నోరెలా వస్తుంది? ఊళ్లో మా అత్తగారు పాదుకి కాసిన మొదటి గుమ్మడికాయ కూడా చర్చికి మోసుకెళ్లేది. పంచాం. వేళ్లు నాక్కుంటూ తిన్నారు.

రెండో శుక్రవారం పెట్టె కింద పెట్టీ పెట్టకముందే చేతులొచ్చాయి. దేవుడు దీవించుగాక అంటూ ఒకరు తీసుకుంటే, పిల్లలకని టిష్యూలో రెండు చుట్టుకున్నవాళ్లు ఇంకొకరు. ఒకసారి దేవుని పేరు పెట్టాక ధర ఎవరడుగుతారు? ఈయన నవ్వుతూ నిలబడ్డాడు. మూడో వారమూ అంతే. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది.

"నోరు తెరిచి అడగండి," అన్నాను ఇంటికొచ్చాక.

"మన కోసం ప్రార్థన చేసినోళ్లని డబ్బులెలా అడుగుతామే? ఇకామా నీ మీదుంది కాబట్టి ఎగ్జిట్ నీ ఫోన్లోంచే పెట్టాలంట కదా. ఈ ఒక్క శుక్రవారం చూసి పెట్టెయ్యి."

నాలుగో శుక్రవారం డ్యూటీ నుంచి సరాసరి యూనిఫాంతోనే వెళ్లాను. పెట్టె నా ఒళ్లోనే పెట్టుకున్నాను. ప్రార్థన ముగిసింది, కానుకల సంచి టీపాయ్ మీదకి చేరింది. మళ్లీ చేతులొచ్చాయి. నేను మూత మీద చెయ్యి వేశాను.

"ఒకటి ఐదు రియాళ్లండి."

ఈయన తల దించుకున్నాడు.

"అదేంటమ్మా, ప్రథమ ఫలం కదా," అంది దయావతి అక్కయ్య.

"ప్రథమ ఫలం ఒక్కసారే అక్కయ్యా. ఇది నాలుగోది. ఇవి అమ్ముడుపోకపోతే ఈయన వెళ్లిపోతానంటున్నారు. ఆ ఎగ్జిట్ నా చేత్తో నేనే పెట్టాలి."

సిగ్గేసింది, నలుగురిలో ఇంటి గుట్టు విప్పినందుకు. కానీ ఇక దాచే ఓపిక లేదు.

అక్కయ్య హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. "నేనే పాడు చేశానమ్మా," అంటూ పది రియాళ్ల నోటు తీసి, నాకు కాదు, ఆయన చేతిలో పెట్టింది. "రెండివ్వు తమ్ముడూ."

ఆయన ఆ నోటు జేబులో పెట్టుకోలేదు. టీపాయ్ దాకా నడిచి, కానుకల సంచిలో వేసేశాడు.

మొదటి బేరం కూడా పోయిందే అని ఒక్క క్షణం పళ్లు కొరికాను. తర్వాత అర్థమైంది. ఎనిమిది నెలలకు పైగా ఆ సంచిలో ఆయన చెయ్యి పడలేదు.

వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మూత తియ్యి ఆశా. ఆళ్లందరూ నిలబడి ఉన్నారు."