ఖాళీగా ఉన్న ఆడమనిషి

అతిథులు ఖాళీ చేసిన గదిలో మంచం మీది దుప్పటి లాగుతున్నాను. కిటికీ అవతల వరండాలో మా ఆయన సుధాకరరావు కొత్తగా దిగినవాళ్ళకి సింగపూర్ శివార్లలోని మా ఫార్మ్ చరిత్ర చెబుతున్నాడు. ప్రతి శనివారం చెబుతాడు.

"అప్పట్లో ఈ క్రాంజి అంతా అడవేనండీ. లీజుకు తీసుకుని నేనొక్కణ్ణే మొదలుపెట్టాను. రెండు మేకలు, ఓ రేకుల ఇల్లు. అంతే!"

ఒక్కడే! ఆ రోజుల్లో ఆయన పొద్దున్నే టై కట్టుకుని రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకుకి వెళ్తే చీకటిపడ్డాకే వచ్చేవాడు. నడుమెత్తు లాలాంగ్ గడ్డి కోస్తూ చేతులు కోసుకున్నది నేను. మేక ఈనలేక అరుస్తుంటే చెయ్యి పెట్టి పిల్లను బయటికి లాగింది నేను. చంటిపిల్లను చంకనేసుకుని పాలు పితికాను, పెంటికలు ఎత్తాను. ఒళ్ళు నొప్పులంటే, "ఇంట్లో ఉండేదానివేగా, ఆ మాత్రం చూసుకోలేవా?" అనేవాడు. చూసుకోవడమట! చాకిరీకి ఎంత మెత్తటి పేరు పెడతారో ఈ మగవాళ్ళు.

ఆ రోజుల్లోనే ఓ కార్తీకంలో నాతో ఒక్క మాటైనా అనకుండా తెలిసిన తెలుగువాళ్ళందర్నీ వనభోజనాలకి పిలిచాడు. ఉసిరిచెట్టు లేదు. కుండీలో మోకాలెత్తు మొక్క కొనుక్కొచ్చి మధ్యలో పెట్టి, దాని నీడే అనుకోమన్నాడు. పులిహోర, గుత్తివంకాయ, బూరెలు, అన్నీ నా చేతి మీదుగానే. వాన పట్టుకుని ఎవరూ కదల్లేకపోయారు. ఉన్న పరుపులన్నీ వాళ్ళకిచ్చి నేను వంటింట్లో గచ్చు మీద పడుకున్నాను. పొద్దున "తారాదేవిగారి ఇడ్లీలు తినందే వెళ్ళం" అన్నారు. మళ్ళీ వారం మళ్ళీ వచ్చారు. అలా మొదలైంది ఈ గెస్ట్ ఫార్మ్. గదులు, గుర్రాలు, ఆయన రాజీనామా, ఆయన చరిత్ర, అన్నీ ఆ తర్వాతే.

ఇప్పుడు వరండాలో వింటున్నవాళ్ళలో వర్షిత అని యూనివర్సిటీలో రీసెర్చ్ చేసే అమ్మాయి అడిగింది. "మరి ఆంటీ అప్పుడేం చేసేవారు అంకుల్?"

"మీ ఆంటీనా? ఖాళీగానే ఉండేదమ్మా. పాపం, బోరు కొట్టకుండా నేనే ఈ వ్యాపకం పెట్టా."

అందరూ నవ్వారు. వరండా చివర బుకింగులు చూసుకుంటున్న మా అమ్మాయి ఉజ్వల కూడా నవ్వింది.

"తారా, కాఫీలు!"

నాకు కోపం రాలేదు. ఇంతగా అలిసిపోయాక కోపం కూడా ఇంకో పనే. దుప్పటి అక్కడే వదిలేసి ఉజ్వల దగ్గరికి వెళ్ళాను.

"రేపు ఆదివారం కాదు, పై ఆదివారం మనం ఏటా పెట్టే వనభోజనాలకి నా పేరు మీద ఒక గది బుక్ చెయ్యవే."

"అమ్మా, ఇది మన ఇల్లు లా! ఓన్ హౌస్ ఎవరైనా బుక్ చేస్తారా?" అంది, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి పిల్లల యాసలో.

"మీ నాన్న చెప్పింది విన్నావుగా. అందులో నేనెక్కడున్నాను? లేనిదాన్ని అతిథిగా కాక ఇంకెలా వస్తాను?"

పిల్ల నవ్వు ఆగిపోయింది. "మరి వంట?"

"ఒక్కడే మొదలుపెట్టాడుగా, ఒక్కడే వండుకుంటాడు. నాకు మాత్రం మొదటి పంక్తిలో విస్తరి వెయ్యమను."