పెద్ద సిర

చపాతీలు ఒత్తుతూ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటుంటే మా అత్తగారు అప్పలనర్సమ్మ చూశారు. "కాళ్ళు పొంగితే ఏటైపోద్ది? ఉప్పు తగ్గించీ, అదే దిగిపోద్ది" అన్నారు. ఏడాదిగా అదే మాట. లోకో షెడ్‌లో పనిచేసే మా ఆయన తిరుమలరావుది ఇంకో మాట. "రోజంతా ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోతే వాయవేటి?" రైల్వే ఆఫీసులో గుమాస్తాని నేను. ఆ కుర్చీ చేరేలోపు రెండు అన్నం క్యారేజీలు, అత్తగారి స్నానం, బట్టలు. తర్వాత మళ్ళీ పొయ్యి. బిలాస్‌పూర్‌కు కాపురానికి వచ్చిన పాతికేళ్ళలో నేను కూర్చున్నది ఆ ఆఫీసులోనే.

కడుపులో కుడివైపు నొప్పి మొదలయ్యాక సెలవు పెట్టి ఒక్కదాన్నే డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఆవిడ నా పొట్ట మీద నీలంగా తేలిన నరాలు చూసి, ఎన్నాళ్ళుగా ఉన్నాయని హిందీలో అడిగింది. చెప్పలేకపోయాను. కుక్కర్ విజిళ్ళు వింటూ స్నానం ముగించే నేను నా ఒంటిని చూసుకుని ఎన్నేళ్ళయిందో!

స్కానింగ్, ముక్క పరీక్ష అయ్యాయి. రాయ్‌పూర్‌లో పెద్ద డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. కాళ్ళ నుంచి, కడుపు నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర గోడలోనే కేన్సర్ గడ్డ పుట్టింది. అది పెరిగి రక్తానికి దారి మూసేస్తోంది. ఆ భాగం కోసి తీసేసి గొట్టం అమర్చాలి. చాలా అరుదైన జబ్బు. ఆ మాట వినగానే మా ఆయన కళ్ళలో నా మీద కొత్తగా ఒక మర్యాద కనిపించింది. మామూలు నొప్పికి మా ఇంట్లో ఆ మర్యాద ఎప్పుడూ దక్కలేదు.

తిరుగు రైల్లో ఆయన మెల్లగా మాట కదిపారు. "నెహ్రూ నగర్‌లో తమ్ముడి గృహప్రవేశం అయిపోనీ. పది రోజులే కదేటి. పెద్దకోడలివి, నువ్వు లేపోతే ఎలాగ?"

"డాక్టరు సోమవారం అన్నాడు. సోమవారమే."

"మరి వంటా అదీ..."

"నేను లేనప్పుడు ఎలా జరుగుతుందో అలాగే జరుగుతుంది."

ఆయన కిటికీ వైపు తిరిగారు.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. గడ్డ మొత్తం వచ్చేసిందన్నారు, అయినా ఏళ్ళ తరబడి స్కాన్లు తప్పవన్నారు. ఇంట్లో మా ఆడపడుచు కోమల వచ్చి వండుతోంది. "నాకూ కాళ్ళు పొంగేవి. ఎవులూ అడగలేదు, నానూ దాన్ని అడగలేదు" అని అత్తగారు కోమల దగ్గర ఏడ్చారట.

మూడో రోజు వార్డులోకి మార్చారు. మా ఆయన గడ్డం మాసి, మంచం పక్కన నిలబడ్డారు. నా చెయ్యి పట్టుకోవాలో వద్దో తెలియనట్టు దుప్పటి అంచు సర్దుతూ, "నొప్పిగా ఉందేటి జ్యోతీ?" అన్నారు.

ఏం లేదండీ, మీరు తిన్నారా అనబోయాను. నాలిక చివరిదాకా వచ్చిన ఆ మాటను ఆపుకున్నాను.

"ఉంది. చాలా ఉంది. కూర్చోండి, చెప్తాను."