మొదట దగ్గింది ఎవరు?

కొత్తపిల్లను గేటు బయటికి గెంటేసినప్పుడు మేమంతా అక్కడే ఉన్నాం. షిఫ్టు మారే వేళ అది. వాచ్‌మన్ మొదట ఆమె సంచి విసిరాడు, తర్వాత ఆమెను నెట్టాడు. నూలుమిల్లు షెడ్డులో మా వరసలోనే తెగిన పోగులు అతికే పిల్ల. ఇరవై నిండలేదు. దగ్గితే రక్తం పడింది, క్షయ అన్నారు. అంతే, పని ఊడింది.

"ఈ వలసొచ్చినోళ్ళే రోగం మోసుకొచ్చారు. మీ మంచికే పంపించేస్తున్నా," అన్నాడు మేనేజరు, మామీద ఎక్కడలేని ప్రేమ ఒలకబోస్తూ.

మాలో సగంమంది తలలూపారు. సిగ్గుచేటు, కానీ ఊపారు. పిల్ల అద్దెకున్న ఇంటామె కూడా గది ఖాళీ చెయ్యమంటే, మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడ ఒక్కతే వెళ్ళి పిల్లను తన గదికి తెచ్చుకుంది. పెద్దక్క మొగుడూ మా షెడ్డు మనిషే. అంతకు ముందేడు దగ్గుతోనే పోయాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మకు అనుమానమొచ్చింది. ఊరంతటా ఈ జబ్బు ఎక్కువగా ముసలి మగవాళ్ళకు వస్తుంటే, మా మిల్లు నుంచి మాత్రం వయసు పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు వస్తున్నారు. మా మిల్లు రోగులందరి తెమడా, ఆస్పత్రిలో దాచి ఉంచిన పాత నమూనాలతో సహా, పెద్ద ల్యాబుకు పంపి జన్యుపరీక్ష చేయించింది. ఫలితం వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. అది వినడానికి అందరం చేరితే యూనియన్ గదిలో కాలు పెట్టే చోటు లేదు.

"మనుషులకు వంశాలున్నట్టే ఈ క్రిములకూ ఉంటాయి," అంది డాక్టరమ్మ. "మీలో జబ్బుపడ్డవాళ్ళందరిదీ ఒకే వంశం. ఈ పిల్లదీ అదే. ఆమె ఈ ఊరు రాకముందే పోయిన ఒకాయనదీ అదే."

"మా ఆయనే," అంది పెద్దక్క. "ఈ సంగతి అందరికీ చెప్పమని నేనే అన్నా."

"అంటే పిల్ల తేలేదు," అంది డాక్టరమ్మ. "ఇక్కడే అంటింది. మీ ఇళ్ళు తలో వీధిలో ఉన్నాయి. కలిసి గాలి పీల్చేది ఒక్కచోటే."

ఎవరూ షెడ్డు అనలేదు. అనక్కర్లేదు కూడా. తెలియకుండానే ఎవరి చెయ్యి వాళ్ళ గుండె మీదికి పోయింది. నాకూ భయమేసింది.

"మందు పడుతోంది, ఇప్పుడు ఈమె దగ్గు ఎవరికీ అంటదు," అంది డాక్టరమ్మ. "కానీ కడుపు మాడ్చుకుంటే మాత్రలేం చేస్తాయి? పనిలోకి తీసుకోవాలి."

మర్నాడు పిల్లను వెంటబెట్టుకుని అందరం మేనేజరు ముందు నిలబడ్డాం. పిల్లకు పని ఇవ్వాలి, మేకులు కొట్టి బిగించిన కిటికీలు తెరవాలి అన్నాం.

"కిటికీలా? బయటి గాలి తగిలితే పోగులు తెగుతాయి. నూలు పాడైతే మీ తాతలిస్తారా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మొదట దగ్గింది ఎవడో చెప్పండి. వాణ్ణి పీకేస్తా, ఈ పిల్లను తీసుకుంటా. సరిపోయిందా?"

"ఎవడో ఒకడి పేరు చెప్పేస్తే పోలా," అని గొణిగాడొకడు వెనకనుంచి.

"నీ పేరే చెప్తాంలే," అంది పక్కనామె. వాడు జనంలోకి జారుకున్నాడు. కానీ ఆ మాట చాలామంది నాలుక చివరే ఉంది.

పెద్దక్క ముందుకొచ్చింది.

"మొదట దగ్గింది మా ఆయన, బాబూ. సెలవడిగితే మీరివ్వలేదు. దగ్గుతూనే పోగులు అతికాడు. కిటికీలు బిగించి ఆ గాలే అందరిచేతా పీల్పించారు. ఇప్పుడు మట్టిలో ఉన్నాడు. వెళ్ళి పనిలోంచి తీసెయ్యండి."

ఆమె గిర్రున తిరిగి షెడ్డులోకి నడిచింది. కొత్తపిల్ల ఆమె వెంట, మేము ఆ పిల్ల వెంట. గునపం ఎవరు తెచ్చారో చూడలేదు. మేకులు ఊడాయి, తుప్పు రాలింది, కిటికీ రెక్కలు గోడకు కొట్టుకున్నాయి. గాలి విసురుగా వచ్చి మొహాలకు తగిలింది. వరసవరసే పోగులు తెగిపోయాయి.

"అతకండి," అని గొంతు చించుకున్నాడు మేనేజరు. "అతకండే!"

మేము చేతులు కట్టుకున్నాం.

మేనేజరు పిలిస్తే పోలీసులొచ్చి పెద్దక్కను జీపెక్కించారు. ఎక్కేముందు కొత్తపిల్ల వైపు చూసి, "మాత్రలు మానకు," అంది. పిల్ల కళ్ళు తుడుచుకుని తన మిషను దగ్గరికెళ్ళి నిలబడింది. ఆమెను గెంటడానికి వాచ్‌మన్ ముందుకు రాబోయి, మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. నూలు మాత్రం రావడం లేదు. పెద్దక్క తిరిగొచ్చేదాకా రాదని మేనేజరుకు చెప్పేశాం.