ఏడో మిషను స్క్రూ

కిరసనాయిలులో ముంచిన బ్రష్షుతో మెకానిక్ ఏడో టైపుమిషను సందుల్లో మట్టి తీస్తున్నాడు. మిగతా ఆరూ అయిపోయాయి. సాయంత్రం పాతసామాన్లవాడు వచ్చి అన్నిటినీ పట్టుకుపోతాడు, ఇక వీటిని తోమి లాభం లేదు. కానీ టీచరమ్మను చూడటానికి అతనికి ఇంకో సాకు లేదు.

ముప్ఫై ఏళ్ల కిందట, ఈ టైపు స్కూలు తెరిచిన రోజున ఆవిడ అడిగింది: "ఏ, బీ, సీ అని వరసగా పెట్టక ఈ గందరగోళం ఏంటండీ?"

"పక్కపక్క అక్షరాల కడ్డీలు వెంటవెంటనే లేస్తే చిక్కుకుంటాయండీ. అందుకే ఎప్పుడూ కలిసొచ్చే అక్షరాల్ని దూరం పెట్టారని మా గురువుగారు చెప్పేవారు."

"అయ్యో పాపం!" అని ఫక్కున నవ్విందావిడ. ఆ నవ్వు నుంచి మనిషి ఇంకా తేరుకోలేదు.

పిచ్చి ముదిరి, కొన్నాళ్లపాటు, రిపేరు ముగించి వెళ్లేముందు ఏడో మిషనులో స్క్రూ ఒకటి వదులు చేసి పోయేవాడు. వారం తిరక్కుండా కబురొచ్చేది. తర్వాత తనమీద తనకే సిగ్గేసి మానేశాడు. కబుర్లు మాత్రం ఆగలేదు. మిషను ముసలిదైపోయిందనుకుని, వచ్చి స్క్రూ బిగించి, ఆవిడ ఇచ్చిన టీ తాగేవాడు. చెప్పాలనుకున్న మాట టీతోపాటే గొంతు దిగిపోయేది.

ఇవాళ మాత్రం చెప్పి తీరాలి. ఆవిడ చెల్లెలి ఊరికి వెళ్లిపోతోంది, మళ్లీ రాదు.

"అక్షరాల గురించి మీరు చెప్పింది నిజమేనా?" బీరువాకు తాళం వేస్తూ అడిగిందావిడ.

"కాదనేవాళ్లూ ఉన్నారండీ. సరిగ్గా ఎవరికీ తెలీదట."

"బాగుంది! ముప్ఫై ఏళ్లు నమ్మాను కదండీ."

అతను బ్రష్షు కింద పెట్టాడు. నోరు తెరిచేలోగా బయట కారు హారను మోగింది.

ఆవిడ సొరుగు లాగి, చిటికెనవేలంత స్క్రూడ్రైవరు తీసి ఏడో మిషను మీద పెట్టింది.

"మీరు మానేసిన నెలలోనే కొన్నాను. ఆ ఒక్క స్క్రూకి తప్ప ఇంక దేనికీ పనికిరాదు," అంది, అతని వైపు చూడకుండా. "వెళ్లొస్తానండీ."

అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. అతను గుమ్మం దాకా పరిగెత్తాడు. కారు మలుపు తిరిగింది. ఏడుపొచ్చింది, చేతులకు కిరసనాయిలు ఉండటంతో కళ్లు తుడుచుకోలేకపోయాడు.

సాయంత్రం ఏడు మిషన్లూ బండెక్కాయి. ఖాళీ బల్ల మీద స్క్రూడ్రైవరొక్కటే మిగిలింది. దాని పిడి మీద ఎర్రరంగు, బొటనవేలు ఆనేచోట, పూర్తిగా అరిగిపోయి ఉంది.