వరండా పుణ్యం

“లతా, వరండల పూత మళ్ల పడ్డది, చూస్తలేవా?”

చూస్తూనే ఉన్నాను. ఇప్పుడే ఊడ్చి చీపురు మూలన పెట్టాను. ఒక్క గాలి వీచింది, గేటు పక్కన కానుగ చెట్టు పూతంతా తెచ్చి పేలాలు చల్లినట్టు బండల మీద పోసింది. మా ఆయన హరిప్రసాద్ కుర్చీలో కూర్చునే కాళ్లు రెండూ పైకెత్తాడు, కింద ఊడ్చుకొమ్మని. కుర్చీలోంచి లేవడం మాత్రం ఆయన జాతకంలో లేదు.

ఏటా శ్రీరామనవమికి ముందు ఇదే వరస. భద్రాచలం నడిచిపోయేవాళ్లు పాల్వంచ దాటి మా ఊరి మీదుగా వెళ్తారు. ఎండకు మా వరండాలో ఆగుతారు. మామగారి కాలం నుంచి వస్తున్న ఆచారం. చాపలు పరచాలి, ఎండ పడేవైపు తడిపిన గోనెపట్టాలు కట్టాలి, కుండలు నింపాలి, మజ్జిగ చిలకాలి. అన్నిటికన్నా ముందు ఆ పూత ఊడ్చాలి. దాని సన్నటి పొడి చాపల మీద పడితే పడుకున్నవాళ్లకు తుమ్ములొస్తాయట. పడుకున్నవాళ్లకు! ఊడ్చేదానికి ముక్కే లేనట్టు.

నాకు ఆయాసం పట్టుకుంది ఈ కానుగ పూసే రోజుల్లోనే. దవాఖానాలో డాక్టరమ్మ ఇన్‌హేలర్ ఇచ్చి గట్టిగానే చెప్పింది, చీపురు ముట్టొద్దు, ఇంట్లో ఇంకెవరైనా ఊడవాలి, లేకపోతే ఏదో ఒకరోజు ఊపిరందక పడిపోతావు అని. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే మా ఆయన నవ్వాడు. “బావిల బొగ్గు దుమ్ము నేను మింగుతున్న. పూల దుమ్ముకే నీకు ఇన్‌హేలర్ గావాల్నా?” ఆయన బ్యాగు నిండా బొగ్గుబావిలో ఇచ్చిన మాస్కులు. ఒకటి ఇమ్మని అడిగాను. “గవి డ్యూటీల పెట్టుకునేటియి” అన్నాడు. అవును మరి, నేను చేసేది డ్యూటీ కాదు, ఒళ్లు కొవ్వెక్కి ఆడుతున్న ఆట! తడిగుడ్డతోనైనా తుడుస్తానంటే అత్త కొండమ్మ ఒప్పుకోలేదు. “తడి బండ మీద నడిచొచ్చినోళ్ల కాలు జారితే పాపం ఎవరికే? మేం ఊడ్వలేదా? మాకు లేని రోగాలు నీకే వచ్చె.” నిజంగానే నాలోనే ఏదో లోపముందని, నా మీద నాకే అసహ్యం వేస్తుంటే ఇన్నేళ్లూ ఊడ్చాను. ఇప్పుడు ఆ అసహ్యం వాళ్ల మీద వేస్తోంది.

ఇవాళ మొదటి గుంపు వచ్చింది, కారేపల్లి వాళ్లు. అప్పుడు లేచాడు మహానుభావుడు, రెండు చేతులూ జోడించి. “రాండ్రి, రాండ్రి. మా వరండల ఇంత దుమ్ము గూడ దొర్కది. మాకు గిదే పుణ్యం.”

“నీ కడుపు సల్లగుండ బిడ్డా, పుణ్యాత్మునివి” అన్నారు వాళ్లు.

లోపల నేను గోడకు ఆనుకుని దగ్గు వినబడకుండా నోట్లో కొంగు కుక్కుకుంటున్నాను. ఛాతీ మీద రోలు పెట్టినట్టుంది. ఇన్‌హేలర్ పీల్చాను. సగం ఊపిరి వచ్చిందో లేదో, బయట గాలి మళ్లీ లేచింది. వెంటనే మా ఆయన గొంతు కూడా.

“లతా! చీపురు వట్టుకరా, జల్దీ!”

చచ్చిపోతానని నిజంగానే భయమేసింది. భయం వెనకే ఒళ్లు మండింది. ఒట్టి చేతులతో బయటికి వచ్చాను. తోటివాళ్లు జంపక్కా అని పిలుస్తున్న ఒక పెద్దావిడ పక్కన చాప ఖాళీగా ఉంది. వెళ్లి దానిమీద పడుకున్నాను.

మా వరండాలో పడుకున్నవాళ్లను ఎవరని అడగకూడదు, లేపకూడదు. ఎవరినైనా సరే, రాముడే వచ్చి పడుకున్నాడనుకోవాలి. ఏటా అందరికీ ఈ మాట చెప్పేది మా అత్తే. ఆమె మజ్జిగ గిలాసలతో వచ్చి నా తల దగ్గర ఆగిపోయింది.

“ఏందే ఇది? లే!”

“లేపుతవేందమ్మా?” అంది జంపక్క. “ఆ పిల్లకు ఊపిరాడ్తలేదు, కనవడ్తలేదా? ముందు మజ్జిగియ్యి.”

అందరూ చూస్తున్నారు. అత్త గిలాస నా చేతిలో పెట్టింది. పెళ్లయ్యాక ఆ చేత్తో నాకు అందిన మొదటి గిలాస అది. లేచి కూర్చుని మెల్లగా తాగాను. ఉప్పు సరిపోయింది, కలిపింది నేనే కదా.

మా ఆయన నా మీదికి వంగి పళ్లు నూరాడు. “అందరిల నవ్వులపాలు జేస్తున్నవ్. ఇంకో గుంపు వస్తున్నది. వరండ ఎవరు ఊడుస్తరు?”

గిలాస కింద పెట్టి మళ్లీ పడుకున్నాను.

“పుణ్యం ఎవరికి గావాల్నో ఆళ్లు ఊడుస్తరు.”