కాలని నూనె, కాలి తప్పు

ఖల్ఫాన్ చెయ్యి పడ్డ గేరుబాక్సు గేలిపాలు కాదని బిదియా ఎడారిలో ఇసుక తిన్నెల చుట్టుపక్కల ఓ నమ్మకం. ఆ నమ్మకాన్ని అందరికన్నా గట్టిగా నమ్మినవాడు ఖల్ఫానే. ఆటోమేటిక్ కారులో ‘పి’ అంటే పార్కింగ్ కాదు, పరువు అనేవాడు. పరువు ఒకచోట నిలిపాకే మిగతా గేర్లట.

పక్కింటి సుహైల్ బండి మీదా ఆ పరువుతోనే చెయ్యి వేశాడు. సుహైల్ అతని కళ్లముందు పెరిగినవాడు. వచ్చే వారం ఊళ్ల మధ్య జరిగే, బండితో ఇసుక తిన్నె ఎక్కే పోటీకి ఈ ఊరి తరఫున వెళ్లాల్సినవాడు. కంపెనీ అమర్చిన గేర్లు మెత్తగా, మర్యాదగా మారతాయి. ఇసుకకు మర్యాద తెలియదు. అందుకని ఖల్ఫాన్ గేరుబాక్సు అడుగు విప్పి, నూనె దారులున్న దిమ్మను దించి, రంధ్రాలు కొన్ని పెద్దవి చేసి, గట్టి స్ప్రింగులు వేశాడు. గేరు పడితే తన్నినట్టు పడాలి. ఆ దారుల్లో నూనెకు తలుపుల్లా పనిచేసే చిన్న ఇనుప గుండ్లుంటాయి. వాటిని చేతికందిన పళ్లెంలో వేసి, పనయ్యాక అన్నిటినీ మళ్లీ లోపల పెట్టాడు. పెట్టాననుకున్నాడు.

శుక్రవారం నమాజు తర్వాత ఊరంతా తిన్నె కింద చేరింది. సుహైల్ బండి సగం దాకా దూసుకెళ్లింది. మూడో గేరు పడాల్సిన చోట ఇంజను గొంతు చించుకుంది గాని చక్రాలు చెవిన పెట్టలేదు. బండి వెనక్కి జారి, కథ మొదటికొచ్చింది.

అందరూ ఖల్ఫాన్ వంక చూశారు. అతను నూనె కొలిచే కడ్డీ లాగి, దానికంటిన నూనెను వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాడు. మట్టం సరిగ్గానే ఉంది, మాడు వాసన లేదు. అడుగు విప్పి చూద్దామా బాబాయ్ అని సుహైల్ మెల్లగా అడిగాడు. తాను బిగించినదాన్ని పదిమందిలో విప్పడమంటే లుంగీ విప్పుకున్నట్టే అనిపించింది ఖల్ఫాన్‌కు.

“నూనె కాలలేదు. తప్పు కాలిది,” అన్నాడు చేతులు తుడుచుకుంటూ. “ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు వదలాలో తెలియని కాలు.”

మాట కుదిరింది. జనం నవ్వారు. కుదిరిన మాటను వెనక్కి తీసుకునే గేరు ఖల్ఫాన్‌కు దేవుడు పెట్టలేదు. పెద్దవాడు చెప్పాడు, నిజమే అయ్యుంటుందన్నట్టు సుహైల్ తల దించుకున్నాడు.

సాయంత్రం ఖల్ఫాన్ ఇంటి ముందుగదిలో అందరూ కాఫీకి కూర్చున్నారు. సుహైల్ కుడికాలిని పొడుగు చొక్కా కింద మడిచి దాచుకుని కూర్చున్నాడు. పోటీకి అతన్నే పంపాలా, ఇంకొకణ్ణా అన్నది ఊరిపెద్ద ముసల్లమ్ తేల్చాలి. కాఫీ పోస్తున్న జాహిర్ అప్పుడే తేల్చేశాడు.

“నీకు కారెందుకురా, ఒంటెనెక్కు. దానికి గేర్లుండవు. నీ మొహం చూసి జాలిపడి అదే పైకెక్కుతుంది.”

ఖల్ఫాన్ ఖర్జూరం తిని, గింజ వేయడానికి పళ్లెం వైపు వంగాడు. మేకల కోసం గింజలు పోగేసే పళ్లెం అది. పగలు బండ్లు విప్పే షెడ్డులో, సాయంత్రం ఇంట్లో. ఆ గింజల మధ్య, గింజ కాని గింజ ఒకటి తళుక్కుమంది.

గుండు కనబడగానే గుండె జారింది. ఎవరూ చూడకముందే దాన్ని రెండు వేళ్లతో తీసి, ఖర్జూరం తినేవాడిలా నోట్లో వేసుకున్నాడు.

అప్పుడే ముసల్లమ్ ఇటు తిరిగాడు. “ఖల్ఫాన్, నీ మాట మీదే పోతాను. తప్పు వీడి కాలిదేనా?”

మింగలేక కక్కలేక అనే మాటను ఖల్ఫాన్ ఎందరి మీదో ప్రయోగించాడు. ఇవాళ అది వచ్చి అతని నాలుక మీదే కూర్చుంది. తల ఊపితే సరిపోతుంది. నోరంతా నూనె రుచి. ఎదురుగా సుహైల్, ఏ జవాబొచ్చినా ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

జాహిర్ కూజాతో వచ్చి నిలబడ్డాడు. చాలనుకున్నవాడు కాఫీ గిన్నె ఊపి చూపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. ఖల్ఫాన్ ఖాళీ గిన్నెను పెదాలకు ఆనించి, గుండును అందులోకి వదిలి, ఊపాడు. గలగలమంది.

అందరూ గిన్నె వైపు తిరిగారు.

“పన్నూడిందా బాబాయ్?” సుహైల్ కంగారుగా ముందుకు జరిగాడు.

అదీ ఒక దారే. ఔనంటే నలుగురూ నవ్వి లవంగం పెట్టుకోమంటారు, అంతటితో సరి. కాని ఆ దారి చూపిస్తున్నది సుహైల్, అదీ వెక్కిరింతకు కాదు. ఖల్ఫాన్ ముఖం కాలింది. నూనె కాలకపోయినా.

“పన్ను కాదురా. నీ గేరుబాక్సులో ఉండాల్సిన గుండు. నేనే పెట్టడం మరిచాను.” తర్వాత ముసల్లమ్ వంక కాక చాప వంక చూస్తూ అన్నాడు: “ఇది లేకపోతే మూడో గేరు పట్టదు. ఎవడి కాలైనా ఒకటే.”

తిడతారనుకున్నాడు. ఎవరూ తిట్టలేదు. జాహిర్ కూడా కూజా ముక్కునే చూస్తూ ఉండిపోయాడు. సుహైలే వెళ్తాడని ముసల్లమ్ చెప్పాడు, గొంతు పెంచకుండా. ఖల్ఫాన్ నోట్లో ఇప్పుడేమీ లేదు. అయినా ఒక్క చమత్కారమూ ఊడిపడలేదు.

సుహైల్ గిన్నె అందుకుని గుండును అరచేతిలోకి వంపుకున్నాడు. కాసేపు దొర్లించి చూశాడు. తర్వాత చొక్కా కింద మడిచి ఉంచిన కుడికాలిని నెమ్మదిగా బయటికి తెచ్చుకున్నాడు.

“అయితే ఇది బాగానే ఉందన్నమాట,” అన్నాడు, ఎవరితోనూ కాదు.

ఖల్ఫాన్ షెడ్డు తాళంచెవి వెతుకుతున్నవాడిలా జేబు తడుముకోసాగాడు. తాళంచెవి ఎదుటి మేకుకే వేలాడుతోంది. తల ఎత్తితే కనబడేది.